సారు మనసు బడిలో నిలవాలంటే

ఫోన్ ముందు ముఖం పెట్టి హాజరు వేసే పద్ధతి 2025 ఆగస్టులో మన సర్కారు బడులకు వచ్చింది. హాజరును మేం తప్పుపట్టడం లేదు. జనం సొమ్ము జీతంగా తీసుకునేవారు వేళకు బడికి రావాల్సిందే. రాని వారిని వెనకేసుకొచ్చే పని ఈ పత్రికది కాదు. కానీ ఆ ఫోన్ చెప్పేది ఒక్కటే, సారు గేటు లోపల ఉన్నారని. లోపలికి వచ్చిన మనిషి ఏ మనసుతో నల్లబల్ల ముందు నిలబడ్డారో అది చెప్పదు. అయిదో తరగతి పిల్లకు లెక్క అర్థం కావాలంటే సారు ఒళ్లు బడిలో ఉంటే చాలదు, మనసు కూడా ఉండాలి. ఆ మనసు ఎందుకు విరుగుతున్నదో తెలుసుకునే పని ఏ సర్కారూ పెట్టుకోలేదు. తెలంగాణ వచ్చినంక ఏలిన ఇద్దరినీ కలిపే ఈ మాట అంటున్నాం.

పని మీద మనసు పడడం పుట్టుకతో వచ్చే గుణమని చాలామంది అనుకుంటారు. మంచి సారు మంచోడు, చెడ్డ సారు చెడ్డోడు, ఇక మాట్లాడేదేముందని తేల్చేస్తారు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో విల్మార్ షాఫెలి, ఆర్నాల్డ్ బేకర్ అనే పరిశోధకులు 2000ల మొదట్లో దీన్ని కొలిచే పద్ధతి తయారుచేశారు. వాళ్లు చూసినవి మూడు: పనిలో సత్తువ, పని మీద గర్వం, గంట కొట్టింది కూడా తెలియనంతగా పనిలో మునిగిపోవడం. ఇవి మనిషి గుణం మీదనే ఆధారపడవని వాళ్ల వాదన. మనిషి మీద పెట్టిన బరువెంత, ఆ బరువు మోయడానికి ఇచ్చిన ఆసరా ఎంత అన్నది చూడాలి. తోడుగా ఇంకో టీచర్, తన తరగతి గురించి తాను తీసుకునే నిర్ణయం, పై అధికారి సాయం, పనికి తగ్గ ఎదుగుదల ఇవన్నీ ఆసరాలు. బరువు పెరిగి ఆసరా తరిగితే ఎంతటి మంచి పంతులైనా ఒక రోజు చతికిలబడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఈ చతికిలబాటును లెక్కలోకి తీసుకున్నది. జబ్బు అనలేదు, పనిచోట ఒత్తిడిని సంబాళించకపోవడం వల్ల వచ్చే స్థితి అన్నది. అంటే మందు వేయాల్సింది పనిచోటికి. ఈ కొలతతో మన బడిని చూద్దాం.

ముందు బరువు సంగతి. ఏకోపాధ్యాయ పాఠశాల అంటే రాసుకోవడానికి ఒక్క మాట. లోపలికి పోయి లెక్క వేయండి. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు. మూడు నుంచి అయిదు దాకా వాటికి తోడు పరిసరాల విజ్ఞానం. మొత్తం 18 సబ్జెక్టులు, అయిదు తరగతులు, ఒక్క మనిషి. నలభై నిమిషాల పీరియడ్‌ను అయిదు తరగతులకు పంచితే ఒక్కో తరగతికి దక్కేది ఎనిమిది నిమిషాలు. ఆ ఎనిమిది నిమిషాల్లో కూడా మధ్యాహ్న భోజనం బియ్యం లెక్క రాయాలి, గుడ్ల సంఖ్య ఫోన్‌లో పంపాలి, తల్లిదండ్రులు వస్తే మాట్లాడాలి. మండల కార్యాలయంలో మీటింగు పడితే ఆ పూట బడికి దిక్కెవరు? ఆ సారు జ్వరంతో పడుకున్నా మనసులో భయమే, రేపు తాళం తీసేదెవరని. 2009 నాటి విద్యాహక్కు చట్టం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు ఉండాలన్నది. ఆ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఒంటరి టీచర్ల బడులు మాత్రం నడుస్తూనే ఉన్నాయి.

ఈ ఒంటరితనం కొంత మనవాళ్లు చేతులారా తెచ్చిపెట్టిందే. కరోనా వచ్చిన 2020లో విద్యా వలంటీర్లను పక్కన పెట్టారు. తక్కువ జీతానికి ఖాళీలను నెట్టుకొస్తున్న వేల మంది చదువుకున్న పిల్లలు రోడ్డున పడ్డారు, వాళ్ల తరగతులు ఉన్న టీచర్ల నెత్తిన పడ్డాయి. అదే సమయంలో బడి ఊడ్చే, మరుగుదొడ్లు కడిగే స్కావెంజర్లను కూడా తీసేసి, ఆ పని గ్రామ పంచాయతీ చూసుకుంటుందన్నారు. పంచాయతీ మనిషి రాని రోజున చీపురు ఎవరి చేతికి వచ్చిందో ప్రతి సర్కారు బడికీ తెలుసు. 2024లో పిల్లల సంఖ్యను బట్టి బడులకు పారిశుధ్యం డబ్బులు ఇవ్వడం మొదలైంది. మంచిదే. కానీ ఆ మధ్య ఏండ్లలో నీళ్లు లేని మరుగుదొడ్డి వల్ల పొద్దంతా మంచినీళ్లు తాగకుండా కూర్చున్న టీచరమ్మల ఆరోగ్యం సంగతి ఎవరూ అడగలేదు.

ఇక బడితో సంబంధం లేని పనులు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ స్పష్టంగా ఉంది. పదేండ్లకోసారి వచ్చే జనాభా లెక్కలు, విపత్తు సాయం, ఎన్నికలు, ఈ మూడింటికి తప్ప టీచర్‌ను వేరే పనికి వాడొద్దు. 2024 నవంబర్‌లో ఇంటింటి కుటుంబ సర్వే కోసం ప్రాథమిక పాఠశాలల టీచర్లను వాడుకున్నారు. బడులు మధ్యాహ్నం దాకానే నడిచాయి. కులాల లెక్క తీయాల్సిందేనని మేం మొదటి నుంచీ అంటున్నాం. జనంలో మన వాటా ఎంతో తేలనిది నౌకర్లలో, చట్టసభల్లో వాటా తేలదు. కానీ ఎవరి లెక్క కోసం ఆ సర్వే జరిగిందో, వాళ్ల పిల్లలే ఆ సర్కారు బడుల్లో కూర్చున్నారు. పూట బడి పోయింది కూలి చేసుకునే బీసీ, దళిత, గిరిజన, మైనార్టీ బిడ్డలదే. కార్పొరేట్ బడిలో ఒక్క పీరియడ్ కూడా పోలేదు. సర్వేకు నిరుద్యోగ యువతను తీసుకుంటే ఆ పిల్లలకు నాలుగు పైసలు దొరికేవి, బడీ నిలిచేది. ఈ ఆలోచన సచివాలయంలో ఎవరికీ రాలేదా?

బరువు ఇట్లా ఉంటే, ఆసరా ఎట్లా ఊడిపోయిందో చూడాలంటే 2021 డిసెంబర్ 6న వచ్చిన జీవో 317ను చూడాలి. దాన్ని తలుచుకుంటే మాకు ఇంకా కడుపు మండుతుంది. ఎందుకు మండుతుందో చెప్పాలంటే వెనక్కి, 1952కు పోవాలి.

తెలంగాణ కొట్లాటకు తొలి నిప్పు రాజుకున్నది బడి దగ్గరే. వరంగల్‌లో టీచర్ కొలువులు నాన్ ముల్కీలకు పోతున్నాయని ఆ ఏడు విద్యార్థులు తరగతులు వదిలి వీధుల్లోకి వచ్చారు. ఆ మంట హైదరాబాద్ దాకా పాకింది. సెప్టెంబర్ 3న సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. 1969లో మళ్లీ అదే మాట, మా నౌకర్లు మాకు. 1985 డిసెంబర్‌లో జీవో 610 వచ్చింది, అమలు కాలేదు, దాని మీద ఇరవై ఏండ్లకు పైగా కొట్లాడాం. 2011లో 42 రోజుల సకల జనుల సమ్మెలో సార్లు, టీచరమ్మలు జీతాలు పోతాయని తెలిసీ రోడ్డెక్కారు. ఇన్ని తరాల కొట్లాటలో మారని మాట ఒక్కటే: స్థానికత.

స్వరాష్ట్రంలో ఆ మాటకే దెబ్బ తగిలింది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం కొత్త జిల్లాలు, ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు వచ్చాయి. కొత్త కొలువుల్లో 95 శాతం స్థానికులకేనన్నారు. బాగుంది. కానీ అప్పటికే పనిచేస్తున్న వారిని కొత్త జిల్లాలకు పంచేటప్పుడు స్థానికతను పక్కకు పెట్టి సీనియారిటీని పట్టుకున్నారు. సీనియర్లు కోరుకున్న జిల్లాలు నిండిపోగా మిగిలిన చోటికి జూనియర్లను తోశారు. పుట్టిన ఊరు, చదివిన బడి, ముసలి తల్లిదండ్రులు ఉన్న జిల్లా ఒకటి, శాశ్వతంగా రాసిచ్చిన జిల్లా మరొకటి. భార్య ఒక జిల్లా, భర్త ఒక జిల్లా అయిన జంటలకు బదిలీ ఇస్తామన్నారు, అందులో 13 జిల్లాలను మూసేశారు. చిన్న పిల్లలను వెంటబెట్టుకొని టీచరమ్మలు హైదరాబాద్‌లో ధర్నాకు కూర్చుంటే పోలీసు వ్యాన్లు ఎక్కించారు. ప్రాణాలు తీసుకున్న టీచర్ల వార్తలు కూడా ఆ రోజుల్లో చదవాల్సి వచ్చింది. స్థానికత కోసం కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంలో సొంత జిల్లాకు పరాయి కావడం కంటే పెద్ద గోస ఏముంటుంది?

సర్కారు మారింది. 2024లో మంత్రివర్గ ఉపసంఘం వేశారు, ఆ ఏడాది చివర్లో భార్యాభర్తలకు, ఆరోగ్యం బాగాలేని వారికి, పరస్పర బదిలీలు కోరిన వారికి దారి తెరిచారు. ఆ మేరకు మేలే. కానీ స్థానికత కోల్పోయామన్నవారి మొర ఈ మూడు గడుల్లో ఏదాంట్లోనూ పట్టదు. పెళ్లి కాలేదు, జబ్బు లేదు, బదులుగా వచ్చే మనిషి దొరకడు. అట్లాంటి టీచర్ తెల్లవారకముందే లేచి, రెండు బస్సులు, ఒక ఆటో మారి బడి చేరుకుంటే ఇక పిల్లల ముందు నిలబడడానికి మిగిలిన సత్తువ ఎంత? ఊళ్లో ఉండే సారుకు ఏ పిల్ల ఎందుకు బడికి రాలేదో తెలుస్తుంది, పత్తి ఏరడానికి పోయిందా, తమ్ముణ్ణి ఎత్తుకొని ఇంట్లో ఉందా అని. సాయంత్రం బస్సు తప్పిపోతుందేమోనని గడియారం చూసే సారుకు అది తెలిసే వీలు లేదు. అది ఆ మనిషి తప్పు కాదు, ఆ దూరం రాసినవారి తప్పు.

ఎదుగుదల మాటేమిటి? ప్రమోషన్లు 2015లో ఇచ్చారు, ఆ తర్వాత ఎనిమిదేండ్ల ఎదురుచూపు. 2023లో మొదలుపెట్టి కోర్టు కేసులతో మధ్యలో ఆపారు, 2024 ఎండాకాలం దాటినంక వేల మందికి వచ్చాయి. ఈ లోగా ప్రమోషన్ లేకుండానే రిటైరైన వారికి జవాబు చెప్పేదెవరు? ఎంఈవో కుర్చీలు ఏండ్ల తరబడి ఇన్‌చార్జీలతో నడిచాయి. సొంత బడికి హెడ్మాస్టర్, మండలానికి ఇన్‌చార్జి, కొన్నిచోట్ల రెండు మూడు మండలాలకు ఒకే మనిషి. అట్లాంటి అధికారి బడికి వస్తే రిజిస్టర్ చూసి పోగలడే తప్ప, పక్కన కూర్చొని పాఠం విని ఒక మంచి మాట చెప్పే తీరిక ఎక్కడిది? తనిఖీ మిగిలింది, సాయం పోయింది.

దీని మీద 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చిపడింది. అయిదేండ్లకు మించి సర్వీసు మిగిలిన టీచర్లు రెండేండ్లలో టెట్ పాస్ కావాలి, లేకుంటే కొలువు పోతుంది. అంతకంటే తక్కువ సర్వీసున్నవారు కొనసాగవచ్చు గానీ, టెట్ లేకుంటే ప్రమోషన్ రాదు. టెట్ అనేది పుట్టిందే 2010 తర్వాత. అంతకుముందు డీఎస్సీ రాసి, మెరిట్‌లో నిలిచి, ఇరవై ఏండ్లుగా పాఠం చెబుతున్న మనిషిని ఇప్పుడు నీకు అర్హత ఉందా అని అడిగితే ఆ మనసు ఎట్లా ఉంటుంది? టీచర్‌కు అర్హత ఉండాలన్న మాటను మేం కాదనం. అయితే పొద్దున 18 సబ్జెక్టులు చెప్పి, సాయంత్రం ఫోన్‌లో లెక్కలు పంపి, రాత్రి గైడ్లు ముందు పెట్టుకొని కూర్చునే టీచర్ నుంచి మరునాడు తరగతిలో ఏం ఆశిస్తాం?

పైసల సంగతి కూడా చెప్పాలి. ఒకప్పుడు మన రాష్ట్రంలో జీతం నెల మధ్యలో పడేది. ఈఎంఐ బౌన్సయి బ్యాంకు నుంచి ఫోన్లు వస్తుంటే పాఠం చెప్పిన సార్లు ఎందరో. ఒకటో తారీఖు జీతం 2024 నుంచి మళ్లీ దారిన పడింది. కానీ అదే 2024 మార్చి తర్వాత రిటైరైనవారు దాచుకున్న సొమ్ము కోసం, గ్రాట్యుటీ కోసం ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగారు. ముప్పై ఏండ్లు చాకిరీ చేసిన పెద్ద సారు బిడ్డ పెండ్లికి అప్పు చేస్తుంటే, కొత్తగా చేరిన సారు చూసి నేర్చుకునేది ఏమిటి?

ఈ మాటలన్నీ విని, టీచర్లకు బాగానే జీతాలొస్తున్నాయి కదా, వాళ్ల పిల్లలను మాత్రం ప్రైవేటు బడికి పంపుతారు కదా అనేవారున్నారు. ఆ ప్రశ్నను మేం దాటవేయం. అది ఊరు అడుగుతున్న ప్రశ్న, టీచర్లు జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న. బడికి ఆలస్యంగా వచ్చేవారు, రియల్ ఎస్టేట్, చిట్టీలు నడిపేవారు లేరని మేమనం. సంఘాలు కూడా తలా ఒక జెండా పట్టుకొని బదిలీల మీద, డీఏ మీద చూపిన పట్టు పిల్లల చదువు మీద చూపలేదు. ఎండాకాలం అయిపోగానే బడిబాట పట్టి గడప గడపకూ తిరిగే సార్లకు చేతులెత్తి మొక్కుతాం. కానీ వాళ్ల సంఘం ఆ బడికి రెండో టీచర్ కోసం కలెక్టరేట్ ముందు కూర్చున్న రోజులు ఎన్ని? అయినా కొందరి నిర్లక్ష్యాన్ని చూపి అందరి నడుము విరగ్గొట్టడం న్యాయం కాదు. కామచోరుకు ఫోన్ హాజరు అడ్డమే కాదు, పది నిమిషాల్లో దాన్నీ దాటే ఉపాయం కనిపెడతాడు. ఆ ఫోన్ నిజంగా నొప్పించేది మనసు పెట్టి పనిచేసేవారినే, నిన్ను నమ్మడం లేదని రోజూ రెండుసార్లు చెప్పి.

ఉద్యోగం కోసం లైబ్రరీల్లో కూర్చున్న విద్యార్థి మిత్రులకు ఒక మాట. ఇది ఉన్న టీచర్ల గొడవ, మాకేమని అనుకోవద్దు. 2017 తర్వాత 2023 దాకా ఒక్క డీఎస్సీ నోటిఫికేషన్ లేదు. 2023లో 5,089 పోస్టులకు వేసి, పరీక్ష పెట్టలేదు. 2024 ఫిబ్రవరిలో దాన్ని రద్దు చేసి 11,062 పోస్టులకు వేశారు, అక్టోబర్‌లో ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలిచ్చారు. ఆ ఆరేండ్లలో డీఎడ్, బీఎడ్ పట్టా పట్టుకొని మీరు ఎదురుచూసిన ప్రతి రోజూ ఎక్కడో ఒక సారు రెండు మనుషుల పని చేశారు. మీ నిరుద్యోగం, ఆయన అలసట ఒకే ఖాళీకి రెండు ముఖాలు. కొట్లాట కూడా ఒక్కటే కావాలి. ఇతర శాఖల ఉద్యోగ మిత్రులకూ ఇదే మాట. మీ ఇంటి దగ్గరి సర్కారు బడి బాగుంటే ప్రైవేటు ఫీజుల కింద మీ జీతంలో పోయే భాగం మీ చేతిలోనే మిగులుతుంది.

కాబట్టి మేం అడిగేవి గొంతెమ్మ కోరికలు కావు. పిల్లలున్న ప్రతి ప్రాథమిక బడికి ముందు ఇద్దరు టీచర్లు, తర్వాత తరగతికొకరు. పిల్లలు తక్కువని బడి మూసే ఆలోచనకు ముందు టీచర్‌ను ఇచ్చి చూడాలి. 27వ సెక్షన్ దాటిన ఏ పనికైనా కలెక్టర్లు టీచర్‌ను పిలవకూడదు, 2027 జనాభా లెక్కల లాంటివి తప్పనప్పుడు ఆ తరగతికి బదులు మనిషిని చూపాకే పిలవాలి. జీవో 317లో సొంత జిల్లా పోయిన వారికి, ఖాళీలు ఉన్నచోట స్థానికత లెక్కన తిరిగి వచ్చే హక్కు రాసివ్వాలి. బదిలీ, ప్రమోషన్, డీఎస్సీ మూడూ క్యాలెండర్‌లో తేదీతో ఉండాలి, మంత్రి దయ మీద కాదు. రిటైరైన నెలలోనే సొమ్ము చేతికి రావాలి. టెట్ విషయంలో పాత టీచర్ల తరఫున సర్కారే ముందు నిలబడాలి, ఈలోగా సెలవుల్లో ఉచిత శిక్షణ ఇవ్వాలి. వీటిలో కొన్నింటికి ఖజానా కావాలి, సగానికి పైగా సంతకం చాలు.

టీచర్ సుఖంగా ఉండాలని అడిగేది టీచర్ కోసమే కాదు. డబ్బున్న వాడి పిల్లకు బడి పోతే ట్యూషన్ ఉంటుంది, ట్యూషన్ పోతే తల్లిదండ్రులు చదువుకున్నవారై ఉంటారు. తండా బిడ్డకు, గూడెం బిడ్డకు, బీడీలు చుట్టే తల్లి బిడ్డకు ఆ ఒక్క సారే దిక్కు. ఆయన మనసు విరిగితే ఆ బిడ్డకు రెండో అవకాశం లేదు. 1952లో వరంగల్ పిల్లలు తరగతులు వదిలి వచ్చింది మా బడికి మా పంతులు కావాలని. ఇన్నేండ్లకు పంతులు మన వాడే అయ్యాడు. ఆ పంతులు మనసు పెట్టి పాఠం చెప్పే బడిని కూడా సాధించుకునేదాకా ఆ పిల్లల బాకీ తీరినట్టు కాదు. సార్లు, చదువుకునే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు ఒక్క గొంతుతో ఆ బాకీ అడగాల్సిన సమయం వచ్చింది.